డైరెక్టర్ గారు కింద కూర్చున్న వైనం

ముందే ఒప్పుకుంటున్నాను. మంత్రిగారు ఘనంగా ప్రకటించిన "విమర్శనాత్మక సిద్ధాంత సామాజిక పరిశోధన" నాకు ముక్క అర్థం కాలేదు. నేను పాలిటెక్నిక్‌లో చదివింది రేడియో. టేప్ రికార్డర్ తిప్పడానికి నన్ను పంపారు.

అర్థమైంది మా శాఖ డైరెక్టర్ గారికి. జర్మనీలో ఆర్నెల్లు చదివొచ్చారు.

"లెక్కలు కాదమ్మా, గొంతులు కావాలి. అడిగేవాడికీ చెప్పేవాడికీ మధ్య అధికారం అడ్డుంటుంది. ముందు దాన్ని కూల్చాలి. తర్వాతే ప్రశ్న" అని జీపులో దారంతా బోధించారు. ఎంత గొప్ప మనిషో.

చిలకలూరిపేట అవతల ఒక ఊళ్ళో క్రైస్తవుల పేటకు వెళ్ళాం. మిరపకోత మానుకొని ఆడవాళ్ళంతా వచ్చారు. వాళ్ళ తరఫున పుల్లమ్మ చెప్పాల్సింది ఒకటే మాట: పేటకో బావి కావాలి. ఇప్పుడున్నది ప్రెసిడెంట్ అంకయ్య గారి బావి. ఆయన పాలేరు తోడిపోసేదాకా బిందెలతో నిలబడాలి.

అంకయ్య గారు ఇంటినుంచి కుర్చీ తెప్పించుకొని కూర్చున్నారు. ఆడవాళ్ళు నేలమీద.

"కుర్చీయే అధికారం" అంటూ డైరెక్టర్ గారు నేలమీద చతికిలబడ్డారు.

ఆఫీసరు కిందుంటే ప్రెసిడెంటు పైనెలా ఉంటాడు? అంకయ్య గారూ దిగారు. దాంతో ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు.

"కూర్చోండమ్మా" అన్నారు డైరెక్టర్ గారు.

"ఆయనకి సాటిగా కూర్చుంటామా?" అంది పుల్లమ్మ. "రేపట్నుంచి కోతకి పిలవరండి."

డైరెక్టర్ గారు దీర్ఘంగా ఆలోచించారు. "అయితే మేమే ఇంకా దిగాలి. గొయ్యి తవ్వించండి."

తవ్వింది ఆడవాళ్ళే. డైరెక్టర్ గారు దిగి కూర్చున్నారు.

"మీకన్నా ఎత్తులో నేనా సార్? తప్పు" అని అంకయ్య గారు పక్కనే జానెడు లోతెక్కువ తవ్వించుకున్నారు.

"సిద్ధాంతం ఒప్పుకోదు" అని డైరెక్టర్ గారు తనది మరో మూర దింపించారు. మర్యాదకు అంకయ్య గారూ తగ్గలేదు. పొద్దువాలేసరికి ఇద్దరి తలపాగా, టోపీ కూడా కనిపించడం మానేశాయి.

"ఇప్పుడు చెప్పమ్మా" అని లోపల్నుంచి వినిపించింది.

పుల్లమ్మ వంగి చూసింది. "అడుగున చెమ్మ తగులుతోందండీ. మీరు పైకొస్తే మిగతాది మేం తవ్వుకుంటాం."

"గొంతు! అసలైన గొంతు!" డైరెక్టర్ గారు కళ్ళు తుడుచుకున్నారు.

నెల తిరక్కుండానే, మిరపకోతలు ముగిసి ఆడవాళ్ళు మళ్ళీ గడ్డపార పట్టేలోపే, మంత్రిగారు వచ్చి ఆ గోతుల చుట్టూ ముళ్ళకంచె వేయించారు. "అధికారం కూలిన చోటు" అని బోర్డు పెట్టించారు. ఎవరూ ముట్టుకోకుండా కాపలాకు అంకయ్య గారి పాలేరును నియమించారు.

మీ ఊళ్ళోనూ ఏ ఆఫీసరో మీకోసం ఇలా దిగే ఉంటాడు. ఎంత లోతు దిగాడో, పోతూపోతూ ఆ గొయ్యయినా మీకు వదిలాడో లేదో, పత్రికకు రాయండి.