మొండయ్య సోడాలో మూడో రంగు

సిరిసిల్ల జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే దివాకర్ ఆ ఉదయం పెట్టుకున్న పని చాలా చిన్నది. మొండయ్య తయారు చేసే ఊదారంగు ద్రాక్ష సోడాను పిల్లల ముందు రంగులుగా విడగొట్టాలి. కాలేజీకి కొత్తగా వచ్చిన నిలువు గాజు గొట్టం అడుగున దూది ఉండ పెట్టి, పైన తెల్లని సిలికా పొడి నింపి, సోడా పోసి స్పిరిట్ వదిలితే నీలం ముందు, ఎరుపు వెనుక చారలుగా దిగుతాయి. దీన్నే కాలమ్ క్రొమటోగ్రఫీ అంటారు. ద్రాక్ష సోడాలో ద్రాక్ష ఉందని నమ్మేవాళ్లు ఎలాగూ లేరు, సీసా మీదే ఆ రెండు రంగుల పేర్లూ రాసి ఉన్నాయి.

"పోరగాండ్లకు చూపెట్టనీకెనా? ఊకెనే తీస్కపో సారూ," అని మొండయ్య అర డజను సీసాలిచ్చాడు. దివాకర్‌ది మరమగ్గాల ఇల్లు. తల్లి కనకవ్వ దూదిని రెండు ఉండలుగా గట్టిగా చుట్టి చేతిలో పెట్టింది.

తరగతిలో సోడా పోశాడు, స్పిరిట్ వదిలాడు. నీలం, ఎరుపు ఇంకా పైనే ఉన్నాయి, కింద గ్లాసులో మాత్రం టప్పున ఒక పసుపుపచ్చని చుక్క పడింది.

"సార్, గీ రంగు సీసా మీద లేదు గదా!" అంది ముందు బెంచీలో కూర్చున్న సింధూజ.

తెలియదు అంటే పోయేది. యాభై మంది పిల్లల ముందు ఆ ఒక్క మాట దివాకర్ నోట రాలేదు. "గందుకే పరీక్ష చెయ్యాలె. చెప్పకుంట కలిపిన రంగు గిది. బట్టలకద్దేది కావచ్చు," అనేశాడు. వెనక బెంచీలో ఎవడో ఫోనులో వీడియో తీస్తున్నాడని ఆయనకేం తెలుసు?

మధ్యాహ్నానికల్లా ఆ వీడియో ఊరంతా పాకి, కిరాణా కొట్లకు వెళ్లిన సీసాల పెట్టెలన్నీ మొండయ్యకు తిరిగొచ్చాయి. ఎల్లంతకుంట పెళ్లివారు సోడా వద్దన్నారు. కాలేజీ పిల్లలు వాంతులు చేసుకున్నారట, ఒకడిని కరీంనగర్ ఆసుపత్రికి తీసుకెళ్లారట అని మాట పెరిగింది. దుబాయిలో ఉన్న అల్లుడైతే, "మామా, నిన్ను పోలీసోళ్లు పట్టుకపోయిన్రట గదా?" అని నేరుగా మొండయ్యకే ఫోన్ చేశాడు. మొండయ్య అంగీ తొడుక్కుని కాలేజీకి వచ్చాడు.

"ముప్పై ఏండ్ల సంది సోడా కొడుతున్న సారూ. నా కండ్ల ముంగట మళ్ల చెయ్యి. గా రంగొస్తే నా మిషిన్ నేనే పలగ్గొడ్త."

దివాకర్ ధీమాగా పిల్లల ముందే ఇంకో గొట్టం నింపాడు. అడుగున తల్లి ఇచ్చిన రెండో ఉండ పెట్టాడు.

"సార్, సోడా పొయ్యకముందు ఒట్టి స్పిరిట్ పోసి చూద్దామా?" అంది సింధూజ.

పోశారు. పసుపుపచ్చని చుక్క టప్పున పడింది. పొద్దున్నే తాను చేయవలసిన పని అది, పాఠంలో తానే చెప్పిన పని! దివాకర్ చెవులు వేడెక్కిపోయాయి. గొట్టంలోంచి ఉండ తీసి విప్పి చూస్తే నడుమ చిటికెడు పసుపు. తల్లికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"అవ్వా, దూదిల పసుపేందే?"

"కొత్త సామాను గద కొడుకా! కొత్త మగ్గానికి పసుపు పెట్టకుంట నడుపుతమా? పైన పెడితే నువ్వు తుడిచేస్తవని లోపట పెట్టిన."

ఒక్కరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. పైసా తీసుకోకుండా సీసాలిచ్చిన మనిషి మొహం చూడలేక దివాకర్ నేల చూపులు చూశాడు.

"తప్పు నాదే మామా. తెల్వదు అననీకె సిగ్గయి, నోటికొచ్చింది అన్న."

"నాకెందుకు సారూ? ఊరికి చెప్పు."

క్షమాపణ చెబుతూ వీడియో పెట్టాడు. మొదటి వీడియో దుబాయి దాకా పోతే, దీన్ని పదకొండు మంది చూశారు. అందులో ఇద్దరు ఇంట్లోవాళ్లే. చివరికి మొండయ్యే దారి చెప్పాడు. "రోజు సాయంత్రం నా దుకాణం ముంగట నిలవడి తాగు సారూ. అందరు చూడాలె."

తలదించుకుని తాగాడు. తెలిసినవాళ్లు బండ్లు ఆపి మరీ చూసి వెళ్లారు. నాలుగో రోజుకు ఎట్టకేలకు ముగ్గురు మనుషులు ఆగి, సారే తాగుతుంటే మనకేమని తలో సీసా పట్టుకున్నారు. మొండయ్య మొహంలో వెలుగు వచ్చింది. సరిగ్గా అప్పుడే అటుగా వచ్చిన కనకవ్వ వీధంతా వినపడేలా కేకేసింది.

"ఓరి కొడుకా, గా రంగునీళ్లు తాగకురా! పానం కరాబైతది!"

ముగ్గురూ సీసాలు కింద పెట్టేశారు.

మర్నాటి సాయంత్రం నుంచి మొండయ్య దుకాణం ముందు తల్లీకొడుకులిద్దరూ నిలబడి సోడా తాగుతున్నారు.