నారాయణ చేన్లో మూడు బంతులు

ఆదివారం ఉదయం ఆరు గంటలకు సర్వేయర్ ఓబులేసు దగ్గరున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదికల్లా కొత్త పెద్దసారుతో గోల్ఫ్ ఆట మొదలుపెట్టాలి. నాలుగో గుంట దగ్గర సారు ముఖం చూసి బదిలీ దరఖాస్తు చేతిలో పెట్టాలి. మధ్యాహ్నానికి ప్రొద్దుటూరులో ఇల్లు చేరి భోంచేయాలి.

"దరఖాస్తు పెట్టుకున్నావా?" అంది భార్య భార్గవి.

"రెండు కాపీలు."

"ఆట వచ్చునా మరి?"

"నోట్సు రాసుకున్నా."

నిజంగానే రాసుకున్నాడు. వాళ్ళ వంశంలో డిగ్రీ చదివిన మొదటివాడు ఓబులేసు. చదివితే రానిదంటూ ఉండదని అతని నమ్మకం. ఆ నమ్మకంతోనే ఒకసారి పుస్తకం చూసి ఈత నేర్చుకోబోయి, నలుగురిచేత కాలువలోంచి పైకి లాగించుకున్నాడు. ఇప్పుడు లాంగ్ నోట్‌బుక్‌లో 'గోల్ఫ్: నిర్వచనం, చరిత్ర, ప్రయోజనాలు, లోపాలు' అని పద్నాలుగు పేజీలు నింపాడు. మిద్దెపైన గొడుగు తిప్పి సాధన చేస్తే ట్యాంకు పైపు పగిలింది. దాన్ని లోపాల కింద చేర్చుకున్నాడు.

అతని ఉద్యోగం పులివెందుల అవతల ఒక మండలంలో. భార్గవి ప్రొద్దుటూరులో నర్సు. అతను ఇల్లు వదిలేటప్పటికి నాలుగేళ్ళ హాసిని లేవదు, తిరిగొచ్చేటప్పటికి నిద్రపోతుంది. పోయిన వారం వీధిలో ఎవరో "మీ నాయన యాడుండాడు పాపా?" అంటే "ఫోన్లో" అందట. ప్రొద్దుటూరులో ఒకే ఒక ఖాళీ ఉంది. అది కొత్త పెద్దసారు వివేక్ చేతిలో ఉంది. విశాఖ నుంచి వచ్చిన ఆ సారు పోయిన నెల మీటింగులో "ఇక్కడ గోల్ఫ్ ఆడేవాళ్ళెవరైనా ఉన్నారా?" అని అడిగాడు. ఓబులేసు చెయ్యి లేచింది. ప్రశ్న వినపడగానే చెయ్యెత్తడం, జవాబు తర్వాత వెతుక్కోవడం బడి రోజులనుంచీ అతనికున్న జబ్బు.

ఆ మండలంలో గోల్ఫ్ మైదానం ఉందంటే అదంతా కమాల్ బాషా చలవ. దుబాయిలో పద్నాలుగేళ్ళు గోల్ఫ్ మైదానాల గడ్డి కత్తిరించి వచ్చినవాడు, తన బండనేల మీద తొమ్మిది గుంటలు తవ్వి, తొమ్మిది జెండాలు పాతి, "ఎవరైనా ఆడవచ్చు, మనిషికి వంద" అని బోర్డు పెట్టాడు. నీళ్ళు లేవు కాబట్టి గడ్డి లేదు. గుంటల చుట్టూ ఇసుక పరిచి, అది ఎగిరిపోకుండా పైన వాడేసిన ఇంజనాయిలు చల్లాడు.

"ఎన్నాళ్ళనుంచి ఆడుతున్నావోయ్?" అన్నాడు వివేక్ సారు, బంతి పెడుతూ.

"ఈమధ్యనే సార్."

సారు కొట్టిన బంతి తిన్నగా పోయింది. ఓబులేసు మొదటిసారి గాలిని కొట్టాడు. రెండోసారి తగిలింది. అయితే ఆ బంతి ఎదురుగా తేలివున్న బండ మీద పడి, ఠంగుమని ఎగిరి, కుడిపక్క కంచె దాటి నారాయణ అనే రైతు శనగచేన్లో పడింది.

"పరవాలేదు, వెళ్ళి చూడు. జెండా తీసుకుపో, బంతి దొరికినచోట పాతు. ఎన్ని అడుగులుందో లెక్కపెట్టు. నాకు దూరాలు రాసుకునే అలవాటు."

ఓబులేసు చేన్లో జెండా పాతాడు. అడుగులు వేస్తూ వచ్చి "నూటా పదకొండు సార్!" అని అరిచాడు. సారు చిన్న కార్డులో రాసుకున్నాడు.

రోడ్డుమీద పోతున్న నారాయణ మోటార్‌సైకిల్ ఆపాడు. అతని పెద్దక్కను ఇచ్చింది కొండాపురం పక్క రిజర్వాయరు కింద మునిగిపోయిన ఊళ్ళలో ఒకదానికి. కొలతలో పేరెక్కితేనే చేను చేనుగా లెక్కని, చెట్లున్న చేనుకు నష్టపరిహారం ఎక్కువని వాళ్ళింట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. తమ ఊరి సర్వేయర్ తన చేన్లో జెండా పాతుతున్నాడు, పక్కన పెద్దసారు అంకెలు రాసుకుంటున్నాడు.

"ఏంది సారూ, ఆదివారం పూట సర్వే?"

"సర్వే కాదప్పా, ఆట."

"ఆటా? అంత పెద్ద సారు ఇంత ఎండలో ఒగ చిన్న బాలు ఎనక పోతాండాడా? సరేలే, బయటికి చెప్పగూడదేమో. నేను మాత్రం ఎవురికీ చెప్పను."

చెప్పడానికి అతనికి పది నిమిషాలు కూడా పట్టలేదు. మూడో గుంట దగ్గరికి వచ్చేసరికి కంచె చుట్టూ ముప్పైమంది చేరారు. నారాయణ చేన్లోకి ఆటో నిండా మామిడి మొక్కలు దిగాయి. ఇంకొకాయన తన చేన్లో నాలుగు రాళ్ళు పేర్చి ఇల్లన్నాడు. సారుకు టెంకాయ నీళ్ళు, వేయించిన శనక్కాయలు, కుర్చీ వచ్చాయి.

"ఇక్కడి జనానికి క్రీడలంటే ఇంత అభిమానమా!" అన్నాడు వివేక్ సారు ముచ్చటపడి. వీళ్ళు దీన్ని సర్వే అనుకుంటున్నారన్న మాట ఓబులేసు నోటిదాకా వచ్చింది. సారు సంతోషంగా ఉన్నాడు, నాలుగో గుంట దగ్గరపడుతోంది. మాటను మింగేశాడు.

ఎడమపక్క ఎకరా ఉన్న అఖ్తర్ బీ కంచె పట్టుకుని పిలిచింది. "నాయనా, మా చేన్లోకి గూడా ఒగ బాలు కొట్టు. ముసల్దాన్ని మరిచిపోవాకు."

ఓబులేసు అటే కొట్టాలనుకున్నాడు. కర్ర అతని మాట వినలేదు. రెండో బంతీ, మూడో బంతీ కుడికే తిరిగి మామిడి మొక్కల మధ్య పడ్డాయి.

కంచె దగ్గర గొణుగుడు లేచింది. అఖ్తర్ బీ కొంగు నడుముకు చుట్టుకుని లోపలికే వచ్చేసింది. "ఏమయ్యా సర్వేయరూ! మూడు బాల్లు కొడితే మూడూ నారాయణ చేన్లోకేనా? ఎంత తీసుకున్నావు? పెద్దసారు ముందర చెప్పు!"

"తీసుకోలేదు పెద్దమ్మా!"

"తీసుకోకుంటే బాలుకు నారాయణ ఇల్లు ఎట్ల తెలుసు?"

వివేక్ సారు ముఖంలో నవ్వు ఆగిపోయింది. "ఓబులేసు, ఏమిటిది? ఏం తీసుకోవడం?"

లంచగొండి కావడమా, అబద్ధాలకోరు కావడమా అన్న ప్రశ్నకు నోట్సులో జవాబు లేదు. ఓబులేసు కర్ర కింద పడేశాడు.

"నాకు కొట్టేది రాదమ్మా! ఎటు కొట్టినా కుడికే పోతాది. సార్, నాకు ఆట రాదు. కర్ర పట్టింది ఈ పొద్దే. మీటింగులో చెయ్యెత్తింది నా తప్పు. ఇది సర్వే కాదని వీళ్ళకు గట్టిగా చెప్పలేకపోయినా, వీళ్ళు సర్వే అనుకుంటాండారని మీకూ చెప్పలేకపోయినా. అన్నీ నా తప్పులే."

వివేక్ సారు కంచె దగ్గరికి వెళ్ళి, ఎవరి భూమీ తీసుకోవడం లేదని విడమరిచి చెప్పాడు. జనం నిరాశగా మామిడి మొక్కలవైపు చూశారు. నారాయణ మాత్రం ఓబులేసునే చూస్తున్నాడు.

"సార్, ఒగ మాట. గట్ల తగాదాలకు ఎంతమంది సర్వేయర్లు వచ్చినారో! అడ్డదిడ్డంగా కొలిచి, అదే కరెక్టని కొట్లాడి పోయినారు. నాకు రాదు, తప్పు నాదే అని పదిమంది ముందర ఒప్పుకున్నోన్ని ఈయప్పనే సూసినా. ఈయప్పను మాకొదిలిపెట్టండి."

"అవు సారూ," అంది అఖ్తర్ బీ, కొంగుతో కళ్ళొత్తుకుంటూ. "పాపం, ఎటు కొట్టాలో గూడా తెలీని మనిషి. ఈయప్ప ఎవురికీ అన్యాయం చేయలేడు."

అక్కడికక్కడే అర్జీ తయారైంది. ఇరవైమూడు సంతకాలు, తొమ్మిది వేలిముద్రలు. చేతిరాత బాగుంటుందని దాన్ని ఓబులేసుచేతే రాయించారు. 'ఈ సర్వేయరు గారిని ఎట్టి పరిస్థితుల్లోనూ బదిలీ చేయరాదని ప్రార్థన' అన్న ఆఖరి వాక్యంలో అతను ఒక్క అక్షరం కూడా తప్పు పోనివ్వలేదు.

వివేక్ సారు దాన్ని రెండుసార్లు చదివాడు. "ఇన్నేళ్ళ సర్వీసులో ఇలాంటి అర్జీ చూడలేదోయ్. ఈ ఊరి గట్లన్నీ నువ్వే కొలువు. అవి తేలేదాకా నిన్నెవరు కదుపుతారో నేను చూస్తాను. నువ్వేమైనా చెప్పుకోవాలా?"

ఓబులేసు చెయ్యి లేచింది. సగం దారిలో దాన్ని అతనే దించేసుకున్నాడు.

"ఏం లేదు సార్."

ఇంటికి ఫోన్ చేస్తే ఎత్తింది భార్గవి.

"ఏమైంది? సారు ఒప్పుకున్నాడా?"

"ఆయప్ప కాదు, ఊరోళ్ళు ఒప్పుకోలేదు."

"ఏం పాడు పని చేసినావురా దేవుడా?"

"నిజం చెప్పినా."

అవతల నిట్టూర్పు వినపడింది. ఫోన్ హాసిని చేతికి మారింది. నాన్న ఎప్పుడొస్తాడని ఆ పిల్ల అడగలేదు. ఫోన్‌కు చార్జింగ్ ఉందా అని అడిగింది.

ప్రొద్దుటూరు ఖాళీ ఆ నెలలోనే నిండిపోయింది. అక్కడికి పోయినాయనకు ఏ ఆటా రాదని ఆఫీసులో చెప్పుకుంటారు.