ఆకుపచ్చ కాగితం, మూడో పేరా

నదీలోయనూ అందులోని జీవజాలాన్నీ కాపాడుకునే విషయంలో పట్టణమంతా ఏకగ్రీవంగా ఉన్నదని ఇందుమూలముగా తెలియజేయడమైనది. ఒకే ఇంట్లో టీవీ రిమోటు దగ్గర కుదరని ఐకమత్యం లోయ దగ్గర కుదిరింది.

ఈ ఐకమత్యానికి ఇబ్బంది కలిగించిన మనిషి ఒక్కతే. నది ఒడ్డున ఉన్న ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఆవిడ. ఊరంతా ప్రూఫులమ్మ అంటారు. ప్రెస్సు ఆమె మరిదిది. ఇరవై ఆరేళ్లు అచ్చుతప్పులు దిద్దీ దిద్దీ ఆమెకొక దురలవాటు పట్టుకుంది. చేతికొచ్చిన ఏ కాగితాన్నయినా చివరిదాకా చదువుతుంది. మందుల డబ్బాలో మడతపెట్టి ఉన్న కాగితాన్ని కూడా వదలదు.

ఇంకో దురలవాటు, మధ్యాహ్నం అన్నం డబ్బా తీసుకుని వెనక కిటికీ దగ్గర కూర్చోవడం. ఎదురుగా ఇసుకమేట, దాని అంచున రెల్లు. ఆ రెల్లులో ఒక నీటికుక్క తన మూడు పిల్లలతో కాపురం ఉంటోంది. తల్లి బతికున్న చేపను తెచ్చి పిల్లల ముందు నీళ్లలో వదిలి, పట్టుకోండి చూద్దాం అన్నట్టు పక్కకి జరిగేది. రెండు పట్టేవి. మూడోది ప్రతిసారీ చేప ఒకవైపు పోతే తానొకవైపు మునిగేది. ప్రూఫులమ్మ దానికి మొద్దబ్బాయి అని పేరు పెట్టి, అది ఎప్పటికైనా ఒక్క చేపను పడుతుందా అని ముద్ద చేతిలో పట్టుకుని చూసేది.

ఇలా ఉండగా లోయ పరిరక్షణ పౌర సమితి ఆవిర్భవించింది. అధ్యక్షుడు పళ్ల డాక్టరు. ఆయన నదిని చాలా ప్రేమిస్తాడు. వాసన పడదు కాబట్టి దూరం నుంచే ప్రేమిస్తాడు. సమితి తొలి కార్యక్రమంగా పదడుగుల ఫ్లెక్సీ వేయించింది. దానిమీద నీటికుక్కకు బదులు మంచుగడ్డమీద పడుకున్న సీల్ ఉంది.

"డాక్టరుగారూ, ఇది సముద్రంలో ఉండేదండీ," అంది ప్రూఫులమ్మ.

"పళ్లు చూడమ్మా, ఎంత చక్కగా ఉన్నాయో! జనాన్ని కదిలించాలంటే ఇలాంటి పళ్లుండాలి."

జనం నిజంగానే కదిలారు. లోయను ఉన్నదున్నట్టు ఉంచాలని కోరే పసుపు కాగితం ఆ ప్రెస్సులోనే అచ్చయింది. వారం తిరక్కుండా నాలుగు వేల మూడువందల పదకొండుగురు సంతకాలు చేశారు. ప్రూఫులమ్మ రెండుసార్లు చదివి మరీ చేసింది. వెనక వరసలోవాళ్లు, "పెన్ను ఇచ్చేటట్టున్నావా, మేము రేపు రమ్మంటావా?" అని విసుక్కున్నారు.

మరుసటి వారం నదీతీర సుందరీకరణ కార్యాలయం నుంచి ఆకుపచ్చ కాగితం అచ్చుకొచ్చింది. పైన పెద్దక్షరాల్లో 'మన లోయ, మన గర్వం'. మొదటి పేరాలో నది తల్లి అయింది. రెండో పేరాలో జీవజాలం తోబుట్టువులు అయింది. మూడో పేరా చీమతలకాయంత అక్షరాల్లో ఇలా ఉంది: 'కావున ఇసుకమేటను, రెల్లును తొలగించి, ఇరువైపులా కాంక్రీటు గోడ నిర్మించుటకు నా పూర్తి సమ్మతి తెలుపుతున్నాను.'

ప్రూఫులమ్మ కాగితం పట్టుకుని మరిది దగ్గరికి పరుగెత్తింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని శ్రద్ధగా చూశాడు.

"తప్పేం లేదే! ఒత్తులన్నీ సరిగ్గానే ఉన్నాయి."

"ఒత్తుల సంగతి కాదయ్యా, చెప్పే సంగతి చూడు!"

"వదినా, అక్షరదోషం ఉంటే దిద్దు. అర్థదోషం మన శాఖ కాదు."

కాగితం అచ్చయి బయటికి వెళ్లిన మర్నాడు ఆమె పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఆయన అప్పటికే కట్టకు కట్ట తెప్పించుకుని, కుర్చీలో వెనక్కి వాలిన రోగుల చేత వరసపెట్టి సంతకాలు చేయిస్తున్నాడు. నోరు తెరుచుకుని పడుకున్నవాడు అభ్యంతరం చెప్పలేడన్నది ఆయన వృత్తి అనుభవం.

"మూడో పేరా చదివారా?"

"మొదటిది చదివానమ్మా, కళ్లు చెమర్చాయి. ఇక ముందుకు పోలేకపోయాను."

బహిరంగ విచారణ రోజు హాలు కిక్కిరిసింది. సుందరీకరణ కార్యాలయం అధికారి లెక్క వినిపించాడు. పసుపు కాగితాలమీద నాలుగు వేల మూడువందల పదకొండు, ఆకుపచ్చ కాగితాలమీద నాలుగు వేల మూడువందల పది. వద్దన్నవారూ కావాలన్నవారూ ఒకరే కావడంతో వారిని వారే కొట్టేసుకున్నారని, ఒక్క సంతకం మిగిలిందని ప్రకటించాడు. హాలు చప్పట్లు కొట్టింది.

"ఎవరమ్మా ఆ ఒక్కరు?"

ప్రూఫులమ్మ లేచింది. "నేనేనండి. రెండూ చదివాను. ఆ రెల్లులో ఒక పిల్ల ఉంది బాబూ, దానికింకా చేప పట్టడం రాలేదు. గోడ కడితే ఎక్కడికి పోయి నేర్చుకుంటుంది?"

అధికారి నిబంధనలు తిరగేశాడు. "చదివి సంతకం పెట్టారు కాబట్టి మీకు ఈ వ్యవహారంలో ఆసక్తి ఉందని రుజువవుతోంది. ఆసక్తి ఉన్నవారి అభ్యంతరం నిష్పాక్షికం కాదు. కొట్టివేయడమైనది." హాలు మళ్లీ చప్పట్లు కొట్టింది. మొదటివాటికన్నా ఇవే గట్టిగా మోగాయి.

గోడ అందంగా వచ్చింది. దానిమీద సమితి సిమెంటు సీల్‌ను ప్రతిష్ఠించింది. పళ్లు డాక్టరుగారే దగ్గరుండి చెక్కించారు. ప్రూఫులమ్మ వెనక కిటికీ మూసేసి, అన్నం డబ్బా ముందు గదిలో తెరవడం అలవాటు చేసుకుంది. మొద్దబ్బాయి చేప పట్టాడో లేదో ఆమెకు తెలియదు.

ఆరు నెలలకు సమితి మళ్లీ మేలుకుంది. వెళ్లిపోయిన జీవజాలాన్ని వెంటనే వెనక్కి రప్పించాలని తెల్ల కాగితం అచ్చుకిచ్చింది. ప్రూఫులమ్మ తప్పులన్నీ దిద్దింది. ఇరవై ఆరేళ్లలో మొదటిసారి, రాతప్రతిలో లేని వాక్యం ఒకటి తానుగా చేర్చింది. మూడో పేరా చివర, మామూలు సైజు అక్షరాల్లోనే: 'రెల్లులోని పిల్లలను వెళ్లగొట్టినది నేనే అని ఇందుమూలముగా ఒప్పుకుంటున్నాను.'

ఈసారి అయిదు వేలు దాటాయి. మొదటి సంతకం పళ్ల డాక్టరుగారిది, రెండోది మరిదిది. మీది పదిహేడో పేజీలో ఉంది. దస్తూరీ చాలా బాగుంది.