తేలిక నొక్కిన ముఖం

ఆదివారం ఉదయం కోడలు వేసుకున్న పథకం చిన్నదే. కాబోయే వియ్యాలవారింటికి భోజనానికి వెళ్ళాలి, మామగారు అందరినీ సరిగ్గా పోల్చుకుని పలకరించాలి, పరువుతో తిరిగి రావాలి. మామగారు రిటైరైన టికెట్ కలెక్టరు. ఉద్యోగమంతా టికెట్లే చూశారు గాని ముఖాలు చూడలేదు. మొదటి పరిచయంలోనే పెళ్ళికొడుకు మేనమామను డ్రైవరనుకుని కారు తీయమన్నారు. ఇంకోసారి ఇలా జరిగితే సంబంధం సంగతి ఆలోచించుకోవాల్సి వస్తుందని అవతలివాళ్ళు చెప్పేశారు. ఆ రోజు నుంచి పెళ్ళి కావలసిన ఆడపడుచుకి ముద్ద దిగడం లేదు.

అందుకని కోడలు మామగారి ఫోనులో ఫ్లాష్‌కార్డుల యాప్ పెట్టింది. ముందువైపు ఫొటో, వెనకవైపు వాళ్ళెవరో, వాళ్ళ సంగతేమిటో.

"మళ్ళీ ఈవిడేనా! వేరే పనిలేదా ఈవిడకి?" అని మామగారు రోజూ విసుక్కునేవారు.

"మీరు 'మర్చిపోయాను' నొక్కినవాళ్ళు మర్నాడే వస్తారు మామయ్యగారూ. 'తేలిక' నొక్కినవాళ్ళు కొన్నాళ్ళు ఆగి వస్తారు. మళ్ళీ నొక్కితే ఇంకా ఆలస్యంగా."

"మన చుట్టాల్లాగే అన్నమాట. అక్కర్లేనివాళ్ళే రోజూ దిగుతారు."

మామగారు విసుక్కున్న ఆవిడ పెళ్ళికొడుకు చిన్నపిన్ని, నర్సు. ప్రతి ఉదయం ఆవిడ దర్శనం తప్పేది కాదు. పెళ్ళికొడుకు తండ్రి మాత్రం సులువుగా గట్టెక్కారు. "ఈ గుబురు మీసాన్ని ఎవరు మర్చిపోతారమ్మా!" అని మామగారు వచ్చిన రెండుసార్లూ 'తేలిక' నొక్కారు. ఆ కార్డు మళ్ళీ కనిపించలేదు.

ఆదివారం వాన తుంపర. నున్నటి మూతితో ఒకాయన తలుపు తీశారు. కోడలు చటుక్కున ముందుకొచ్చింది. ఆమె నోరు తెరిచేలోపే మామగారు తడిగొడుగు ఆయన చేతిలో పెట్టేశారు.

"ఇది కాస్త ఆరబెట్టు నాయనా. మీ అయ్యగారు లేచారా?"

కోడలు గట్టిగా దగ్గింది.

"అలాగే మా కోడలికి మంచినీళ్ళు పట్రా."

ఆయన చేతిలో గొడుగుతోనే వెళ్ళి నీళ్ళు తెచ్చారు. కోడలు మామగారి కాలు తొక్కింది.

"చూసుకుని నడు తల్లీ," అంటూ మామగారు సోఫాలో చేరబడ్డారు. "ఇంటికి మనుషులొస్తే ఈ పెద్దమనిషి బయటికి రాడేం? మీసానికున్న నిండుతనం మనిషికి లేదు."

నున్నటి మూతి మీదికి ఓ చెయ్యి దానంతటదే వెళ్ళింది. "ఆ పెద్దమనిషిని నేనే. నిన్ననే తీయించాను. భోంచేసి వెళ్ళండి. మిగతా సంగతి తర్వాత కబురు చేస్తాం."

ఆ 'తర్వాత' ఎలాంటిదో కోడలికి తెలుసు. భూమి చీలితే బాగుండుననుకుంది.

అంతలో లోపలి నుంచి ఒకావిడ కుంటుకుంటూ వచ్చింది. మామగారు స్ప్రింగులా లేచారు.

"నమస్కారం చెల్లెమ్మా! పెళ్ళికొడుకు చిన్నపిన్నివి కదూ? రాత్రి డ్యూటీలు తప్పాయా? మోకాలి నొప్పెలా ఉంది?"

ఆవిడ నిలబడిపోయింది. "ఇన్నేళ్ళుగా ఈ ఇంటికొస్తున్నాను, నా మోకాలి సంగతి అడిగిన పాపాన ఎవరూ పోలేదు," అని గొడుగు పట్టుకున్నాయన వైపు తిరిగింది. "బావా, ఇలాంటి మనిషి ఇంటి పిల్లని వదులుకుంటే మళ్ళీ మీ గడప తొక్కను."

"దాని మాటే నా మాట!" వంటింట్లోంచి ఆయన భార్య అరిచింది. "మీసం తీయించొద్దని మొత్తుకున్నానా? నిన్న నేనే ఎవరో అనుకుని తలుపేశాను!"

ఆయన గొడుగు గోడకి ఆనించి, పెళ్ళి వచ్చే నెలాఖరు రోజున పెట్టుకుందామన్నారు.

తిరిగొస్తూ కోడలు ఆయన పాత కార్డులోనే కొత్త ఫొటో పెట్టి ఫోను మామగారికిచ్చింది.

"ఈ ముఖం ఇంక జన్మలో మర్చిపోతానా!" ఆమె చెయ్యి అడ్డం పెట్టేలోగా ఆయన 'తేలిక' నొక్కేశారు.

ఆ కార్డు మళ్ళీ పెళ్ళయిన మర్నాడు వస్తుందని యాప్ తేదీ చూపించింది.