ఎడమ చక్రాన్ని పట్టుకున్నదెవరు

సత్తెనపల్లి దాటి గుంటూరు వైపు వెళ్తున్న పాత తెల్ల కారు ముందు ఎడమ చక్రం పొగ వదలడం మొదలుపెట్టగానే, లోపలున్న నలుగురిలో ఎవరికో ఊరు చేరడం ఇష్టం లేదని నలుగురికీ తెలిసిపోయింది.

రాఘవులు బండి పక్కకి తీశాడు. పెడల్ మీద కాలు లేకపోయినా బ్రేకు పట్టేసి ఉంది. ఐదింటిలోగా గుంటూరు ఆసుపత్రి చేరాలి. అతని భార్య శేషకుమారి అక్కడ మంచం మీద ఉంది. ఆమెకు కిడ్నీ ఇవ్వాల్సిన తమ్ముడు కోటేశు ఈ కారులో ఉన్నాడు. ఐదు దాటితే రేపటి ఆపరేషన్ ఇంకొకరికి పోతుంది. మళ్ళీ వంతు వచ్చేదాకా ఆమె ఉంటుందని ఏ డాక్టరూ చెప్పలేదు.

ముందు సీట్లో కోటేశు తల్లి కూర్చుంది. ఆవిడా, వెనక్కి తిరిగిన రాఘవులూ, పక్కనున్న భర్త కోటేశూ ఒక్కసారే నాగవేణి వైపు చూశారు.

“ఇంకా ఎవరూ దిగనే లేదు. అప్పుడే నేనయ్యానా?” అంది నాగవేణి.

కొత్త కార్లకి ఈ బాధ లేదు. అవి ఎక్కినవాళ్ళని పట్టించుకోవు. ఒకే ఇంటివాళ్ళని ఏళ్ళ తరబడి మోసిన బండికి మాత్రం ఎవరి మనసులో ఏముందో తెలుస్తుంది. అందుకే జిల్లాలో అయిష్ట పరీక్షల శాఖ ఉంది. దాని ఫోన్ నంబరు కిలోమీటరు రాళ్ళ మీద రాసి ఉంటుంది. కాసేపటికి మోపెడ్ మీద ఒక పరీక్షకుడు వచ్చాడు. పేరు మస్తాన్ వలి. పొద్దుటినుంచి తిరిగి తిరిగి మొహం వాడిపోయి ఉంది.

“ఇందాక ఒక పెళ్ళివారి జీపండీ. వరుడే,” అన్నాడు జాకీ దించుతూ.

“ముహూర్తం పోయిందా?” అన్నాడు రాఘవులు.

“అవతల వధువు జీపు కూడా ఆగింది. ఎవరికీ నష్టం లేదు.”

ముందు ఇనుము, తర్వాత మనుషులు అన్నది శాఖ నియమం. అతను వెనక చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టాడు. నాలుగు చక్రాల దగ్గరా అరచెయ్యి పెట్టి చూస్తే ఒక్కటే కాలుతోంది. దాన్ని జాకీతో లేపి చేత్తో తిప్పబోయాడు. కదల్లేదు. హ్యాండ్‌బ్రేకు తీగ వదులుగానే ఉంది. బ్రేకు గొట్టం ఉబ్బితే ఆయిలు వెళ్ళి వెనక్కి రాదు, అప్పుడూ ఇలాగే పట్టేస్తుంది. నట్టు సడలించి ఆయిలు వదిలాడు. ఆయిలు బాగానే వచ్చింది. చక్రం మాత్రం అలాగే ఉంది.

“గొట్టం మంచిదేనండీ. ఇక మనుషుల్ని చూడాలి. ఒక్కొక్కరే దిగి, మళ్ళీ ఎక్కండి.”

అందరి కోరిక మీద నాగవేణి ముందు దిగింది. చక్రం కదల్లేదు.

“నెలరోజులుగా ఇంట్లో దొంగని చూసినట్టు చూశారు. ఇప్పుడు చూడండి,” అని మళ్ళీ ఎక్కింది. ఎవరూ చూడలేదు.

కోటేశు దిగబోతూ ఆగాడు. “నాకు భయంగా ఉందండీ. అదీ లెక్కలోకి వస్తుందా?”

“భయానికి బ్రేకు పట్టదండీ.”

కోటేశు దిగినా కదల్లేదు. రాఘవులు దిగినా కదల్లేదు.

“నా మోకాళ్ళు నొప్పులు బాబూ,” అంది తల్లి. “అక్కడ పడుకున్నది ఎవరి కూతురు? నేను దిగడమెందుకు?”

నియమం అన్నాడు మస్తాన్ వలి. ఆవిడ తలుపు పట్టుకుని మెల్లగా దిగింది. అతను ఒక్క వేలితో తోస్తే చక్రం గిర్రున తిరిగింది. ఎక్కమన్నాడు. ఆగింది. రెండుసార్లు చూడాలి కాబట్టి మళ్ళీ దించాడు. మళ్ళీ తిరిగింది.

“నేను వద్దన్నానా? ఒక్క మాటైనా అన్నానా?”

“అనలేదండీ. అనుంటే కారు ఆగేది కాదు.”

ఆవిడని ఇక్కడే వదిలి వెళ్తే అన్నాడు రాఘవులు, ఎటో చూస్తూ. కొంతదూరం పోయాక మళ్ళీ పడుతుందన్నాడు మస్తాన్ వలి. వేరే బండి పిలిస్తే, విషయం తేలనివాళ్ళని ఎవరూ ఎక్కించుకోరు. ఉన్నది ఒకటే మార్గం. పట్టుకున్న మనిషి పేరు ఇంటివాళ్ళలో ఒకరు ఆ మనిషి వినేలా బయటికి చెప్తే చక్రం వదిలేస్తుంది.

“అమ్మ,” అన్నాడు కోటేశు.

“వరసలు చెల్లవండీ. పేరు కావాలి.”

ఆ ఇంట్లో ఆవిడని పేరు పెట్టి ఎవరూ పిలవలేదు. కన్నతల్లి పేరు నోట రాదన్నాడు కోటేశు. అత్తగారి పేరు అల్లుడెలా అంటాడన్నాడు రాఘవులు. “నేను చెప్తే జన్మంతా కోడలే అందంటారు. నా వల్ల కాదు అన్నయ్యా,” అంది నాగవేణి. నాలుగున్నర కావస్తోంది.

రాఘవులు ఫోన్ మోగింది. శేషకుమారి. అతను స్పీకర్ పెట్టి సంగతి చెప్పాడు. దోషి ఎవరో చెప్పలేదు.

“నన్ను కాలేజీలో చేర్చడానికి బయల్దేరినప్పుడూ ఎడమ చక్రమే కదూ,” అంది ఆమె. “అమ్మ పేరు పలకలేక నాన్న బండి వెనక్కి తిప్పారు. ఇంటివైపు తిరగ్గానే వదిలేసింది.”

“అప్పుడు గొట్టం పోయిందన్నారు కదక్కా,” అన్నాడు కోటేశు.

“అందరికీ అలాగే చెప్పాంరా. ఫోన్లో చెప్తే చెల్లుతుందా?”

“చెల్లుతుందమ్మా,” అన్నాడు మస్తాన్ వలి. “ఇంటిపేరుతో సహా.”

తల్లి ఫోన్ దగ్గరికి వంగింది. “శేషూ, నీకు నేనేం తక్కువ చేశానే?”

“ఏం లేదమ్మా. నువ్వూ ఎక్కి రా. ఇక్కడ మంచం పక్కన కుర్చీ వేయించాను.”

తర్వాత, ఆసుపత్రి కౌంటర్లో అడిగితే చెప్పే గొంతుతో, ఒక్కో మాటా విడివిడిగా అంది.

“చేబ్రోలు తిరుపతమ్మ.”