రెండు కొలబద్దలు, ఒక తప్పొప్పుల పట్టిక

రెండు కొలబద్దలు లేని నాస్తికుణ్ణి నమ్మకండి! అన్ని మతాలనూ ఒకే బద్దతో కొలిచేవాడు మొండివాడైనా అయ్యుండాలి, పెళ్లాం పిల్లలు లేనివాడైనా అయ్యుండాలి. నాకు పెళ్లాం ఉంది, పిల్లలున్నారు, ఇరవయ్యేళ్ల నాస్తిక మాసపత్రికా ఉంది.

క్రైస్తవం మీద రాసేటప్పుడు నా కలానికి పట్టపగ్గాలుండవు. బైబిల్లో ఒక్క వాక్యం దొరికితే చాలు, మూడు ఆశ్చర్యార్థకాలు తగిలించి ఏకిపారేస్తాను. ఎదురింటి పాస్టరు అంతా చదివి, "మీ కోసం ప్రార్థన చేస్తున్నా బ్రదర్" అని నవ్వి వెళ్లిపోతాడు. ఇంతకన్నా మంచి పాఠకుడు ఎక్కడ దొరుకుతాడు చెప్పండి?

ఇస్లాం దగ్గరికొచ్చేసరికి అదే కలం పిల్లిలా నడుస్తుంది. "కొందరి అభిప్రాయం ప్రకారం", "చారిత్రక నేపథ్యంలో చూస్తే", "లోతుగా పరిశీలించాల్సిన అంశం". ఇవన్నీ మా ఆఫీసులో రెడీమేడ్‌గా టైపు చేసి ఉంటాయి. దీన్ని భయం అనకండి, సున్నితత్వం అనండి! మసీదు వీధివాళ్లు నన్ను ఇంతవరకూ పల్లెత్తు మాట అనలేదు. అనకముందే వణకడాన్ని ముందుచూపు అంటారు.

పక్క వీధిలో ఇంకో నాస్తిక పత్రిక ఉంది. దాని సంపాదకుణ్ణి అందరూ మీసాలాయన అంటారు. ఆయన ఇస్లాం మీద నెలనెలా విరుచుకుపడతాడు, చప్పట్లు ఎక్కువ పడేది అక్కడే మరి. చర్చి ఊసెత్తితే మాత్రం కిక్కురుమనడు. వాళ్లావిడ చర్చి స్కూల్లో టీచరు! మా ఇద్దరినీ కలిపి చదువుకుంటే పాఠకుడికి పూర్తి న్యాయం జరిగినట్టే కదా?

ఇంత చక్కటి ఏర్పాటును మా పత్రిక పేజీలు కంపోజు చేసే డీటీపీ అమ్మాయి చెడగొట్టింది.

ముస్లిం ఇంట్లో పుట్టిన పిల్ల. దేవుడి మీద నమ్మకం పోయిందని ఇంట్లో చెప్పేసి, ఆ సంగతే వ్యాసంగా రాసి ఇచ్చింది. శీర్షికలో మసీదు అన్న మాట కనబడగానే "ఇది సమయం కాదమ్మా" అని చదవకుండానే సొరుగులో పడేశాను. తొమ్మిది నెలలు అక్కడే ఉంది.

పోయిన నెల పోస్టులో "ఒక చెల్లెలు" పేరుతో మరో వ్యాసం వచ్చింది. చర్చి మానేసిన అమ్మాయి గోడు. అన్నయ్య గుమ్మంలోనే ఆపేశాడట. అక్క పెళ్లికి రావద్దన్నారట. అమ్మ ఫోనెత్తడం మానేసిందట. చదువుతుంటే నాకే కళ్లనీళ్లు తిరిగాయి. మొదటి పేజీలో వేసి, "ఇదీ ధైర్యమంటే!" అని సంపాదకీయం కూడా దంచాను.

సంచిక వచ్చాక అమ్మాయి నా బల్ల ముందు నిలబడింది.

"సార్, అది నాదే. మీ సొరుగులో ఉన్నదే."

"అదెలా? ఇది చర్చి గురించి కదా!"

"మసీదు తీసి చర్చి పెట్టాను. ఇమాంని తీసి పాస్టర్ని పెట్టాను. నిమిషం పట్టలేదు. అన్నయ్య, అక్క, అమ్మ ఉన్నచోట మాత్రం ఏమీ మార్చాల్సిన పని లేకపోయింది సార్."

నేను కళ్లజోడు తుడుచుకున్నాను.

"ఇప్పుడైనా ఉన్నదున్నట్టు వెయ్యండి సార్. అమ్మ చదవాలని రాశాను. చర్చి అని ఉంటే అది నేనని అమ్మకెలా తెలుస్తుంది?"

"చూద్దాంలే, ఇప్పుడు సమయం..." అన్నాను.

ఆ పిల్ల తన కంప్యూటరు దగ్గరికి వెళ్లిపోయింది. మా పత్రిక చివరి పేజీలో తప్పొప్పుల పట్టిక ఉంటుంది. నా తప్పులు చదివే అలవాటు నాకు లేదు కాబట్టి దాని ప్రూఫు ఏనాడూ చూడలేదు. ఈ నెల అది ఇలా అచ్చయింది:

తప్పు: చర్చి. ఒప్పు: మసీదు.
తప్పు: పాస్టరు. ఒప్పు: ఇమాం.
తప్పు: ఇదీ ధైర్యమంటే! ఒప్పు: ఇందులో సంపాదకుడి ప్రమేయం లేదు.
తప్పు: ఒక చెల్లెలు. ఒప్పు: అమ్మా, నేనే.

అంతే, ఆఫీసు తలుపుకి గడియ పెట్టుకుని కూర్చున్నాను. రెండు రోజులు ఎవరూ రాలేదు. మూడో రోజు తలుపు చప్పుడైంది. గడియ తియ్యకుండా సందులోంచి చూశాను. ఒక పెద్దావిడ, ఒక్కతే.

"పోయిన నెలదీ ఈ నెలదీ, రెండూ ఇవ్వు బాబూ. మా అమ్మాయి రాసిందట" అంది.

ఇరవయ్యేళ్లుగా నేను కలాన్ని పిల్లిలా నడిపించింది ఈవిడకు భయపడి అన్నమాట!