ఇన్వర్డ్ నంబరు పడిన ఓపిక

సోమవారం పొద్దున దానియేలు వేసుకున్న పథకం చాలా చిన్నది. యూనివర్సిటీ ఆఫీసు వాళ్ళకు పెట్టిన శిక్షణ తరగతికి వెళ్ళాలి, సంతకం చేయాలి, వెనక వరుసలో ఫ్యాను కింద కాసేపు కునుకు తీయాలి, తర్వాత రికార్డు రూములో తన మూల కుర్చీకి చేరుకోవాలి. వారమంతా ఇలాగే గడిచిపోతే ఆదివారం తార్నాక చర్చిలో ముందు వరుసలో కూర్చోవచ్చు. ఆ రోజు అతని భార్య స్వర్ణ ఒక్కతే నిలబడి పాట పాడుతుంది. క్రిస్మస్‌కూ పాడింది గాని, దానియేలు అప్పుడు ఆఫీసు పనిలో ఇరుక్కున్నాడు. "రాకపోతే రాకపోతివి తియ్యి, పనుంటది గద," అంటూ ఆమె అన్నం వడ్డించింది. తిట్టి ఉంటే బాగుండేదని అతనికి ఇప్పటికీ అనిపిస్తుంది.

శిక్షణ ఇవ్వడానికి వచ్చిన పద్మశ్రీ అనే అమ్మాయికి అతని కూతురి వయసు ఉంటుంది. "సర్, మీరు బాగా చేసిన ఒక పని గురించి పెన్ను ఆపకుండా రాయండి. మీ బలం ఏందో మీకే కనపడతది," అంది. సర్వీసంతా పైవాళ్ళు చెప్పిందే రాసిన దానియేలుకు ముందు ఏమీ తోచలేదు. చివరికి, పాత సర్టిఫికెట్ కోసం వచ్చి నానా గొడవా చేసిన ఒక పెద్దాయనను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, గోడు విని పంపిన సంగతి రాశాడు. కింద "నా బలం ఓపిక" అని పెట్టాడు. చదువుకుంటే ఎవరో మంచివాడి గురించి చదువుతున్నట్టుంది. కునుకు సంగతే మరిచిపోయాడు.

కానీ ఆ ఆఫీసులో రాసిన కాగితం రాసినవాడితో ఇంటికి పోదు. సూపరింటెండెంటు కరుణాకర్ అన్నిటినీ పోగుచేసి, ఆఫీసుకు చేరిన ప్రతి కాగితానికీ పడే ఇన్వర్డ్ నంబర్లు వేయించి, ఫైలు కట్టించాడు. ఫైలు కట్టాక దాని మీద ఏదో ఒక చర్య తీసుకోవాలి కదా. మర్నాడే ఉత్తర్వు వచ్చింది: ఓపిక కలవాడైనందున దానియేలును ఫిర్యాదుల కౌంటరులో నియమించడమైనది.

కౌంటరులో కడుపు నిండా తిట్లు తిని, దానియేలు కరుణాకర్ దగ్గరకు వెళ్ళాడు.

"సార్, అది నా కోసం రాసుకున్న."

"నీ కోసమైతే ఇంట్ల రాసుకోవాలె దానియేలూ. ఆఫీసుల రాస్తే ఆఫీసుదైతది. ఇంకో బలం ఉంటే అది గూడ రాసియ్యి, చూద్దాం."

ఈసారి తెలివిగా రాశాననుకున్నాడు దానియేలు: "నా అసలు బలం పాత ఫైళ్ళు. రికార్డు రూములో ఏ ఫైలునైనా కళ్ళు మూసుకుని తీయగలను." మూల కుర్చీ తిరిగొస్తుందని అతని ఆశ. కుర్చీ రాలేదు. ఆదివారం తనిఖీ బృందం వస్తోందట, ఆఫీసంతా రావాలట. అడిగిన ఫైలు అడిగినట్టు తీసివ్వడానికి ఇలాంటి మనిషే కావాలట. ఆదివారం డ్యూటీ ఖాయమైపోయింది.

ఆ సాయంత్రం లాలాపేట్ ఇంట్లో స్వర్ణ పాట సాధన చేస్తోంది. అతని ముఖం చూసి ఆపేసింది.

"ఆదివారమేనా?"

అతను తలూపాడు.

"సరే తియ్యి," అంది స్వర్ణ.

ఆ మాటతో దానియేలు ఓపిక కాస్తా అయిపోయింది. ఎవరూ అడగకుండానే కాగితం తీసి రాశాడు: "కాదని చెప్పడం నా బలం. ఆదివారం నేను రాను. మినహాయింపు ఇవ్వగలరు." రాసింది చదువుకుని, ఈ మనిషి ఇన్నాళ్ళూ ఎక్కడున్నాడా అనుకున్నాడు.

మర్నాడు కరుణాకర్ అది చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇన్నేండ్ల సంది గిసొంటి మనిషి కోసమే చూస్తున్న. ఆఫీసంత ఆదివారం రామని దరఖాస్తులు పెట్టిన్రు. నేను కాదంటే నా మీద పడి ఏడుస్తరు. నువ్వు కాదను," అని కట్ట తెచ్చి ముందు పెట్టాడు. అన్నిటికంటే పైన దానియేలుదే ఉంది.

దానియేలు పెన్ను తీశాడు. సొంత కాగితం మీద కాదని రాయడానికి చేయి రాలేదు. తనకు ఇచ్చుకుని మిగతావాళ్ళకు లేదనడానికి మనసు రాలేదు. సరే చూద్దామని ఒక్కొక్కటే చదివాడు. ఒకరికి గోల్నాకలో ఇంటికి సున్నాలు, ఒకరికి పాప జ్వరం. బిక్షపతి అనే గుమాస్తా మాత్రం ఒక్క ముక్క రాశాడు: "అలసిపోయిన సార్, పండుకుంట." అది చదివాక దానియేలుకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అట్టడుగున కరుణాకర్ దరఖాస్తు కూడా ఉంది, తోడల్లుడి గృహప్రవేశమట. అన్నిటి మీదా "అనుమతించడమైనది" అని రాసి సంతకం పెట్టేశాడు.

ఆదివారం స్వర్ణ పాడుతూ ముందు వరుసలో అతన్ని చూసి చరణం మధ్యలో కొంచెం తడబడింది. దానియేలుకు పాట మొత్తంలో ఆ తడబాటే బాగా నచ్చింది. అదే సమయానికి తనిఖీ బృందం తాళం వేసిన ఆఫీసు చుట్టూ ఓసారి తిరిగి, "వాతావరణం ప్రశాంతంగా ఉన్నది" అని రాసుకుని భోజనానికి వెళ్ళిపోయింది.

సోమవారం కరుణాకర్ మండిపడుతూ వచ్చాడు. "ఏందయ్యా ఇది? కాదనమంటే అందరికీ ఇచ్చినవ్?"

"మీకు గూడ ఇచ్చిన గద సార్."

కరుణాకర్ గిర్రున తిరిగి తన సీటుకు వెళ్ళిపోయాడు. మధ్యాహ్నానికి ఉత్తర్వు మాత్రం వచ్చింది: దానియేలుకు ఏ బలమూ లేదని తేలినందున తిరిగి రికార్డు రూముకు పంపడమైనది. దానియేలు తన మూల కుర్చీలో కూర్చుని దాన్ని తీరిగ్గా చదువుకున్నాడు. ఫ్రేము కట్టించి గోడకు తగిలిద్దామనుకున్నాడు గాని, గోడలు అలంకరించడం అతని బలమని ఎవరైనా ఎక్కడైనా రాసిపెడతారేమోనని మానుకున్నాడు.